సీలు విప్పని గిలెటిన్

ఎనిమిదేళ్లు నిండిన ప్రతి తెలుగు బిడ్డకూ సొంతానికంటూ ఒక గిలెటిన్ ఉండి తీరాలని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

తొందరపడి పేజీ తిప్పేయకండి. గిలెటిన్ అంటే రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య పైనుంచి సర్రున జారే ఏటవాలు కత్తి, కింద మెడ పెట్టుకోవడానికి గుండ్రటి కంత, దాని ముందు ఒక బుట్ట. ఒకప్పుడు ఫ్రాన్సులో రాజుల తలలు తీసిన యంత్రం. నేను చెబుతున్నది దాని ప్లాస్టిక్ పిల్ల గురించి. ముక్కలు విడదీసి, జిగురుతో అతికించి, రంగులు వేసి, కత్తి వదిలితే బొమ్మ తల టక్కున బుట్టలో పడేలా పిల్లలే తయారు చేసుకునే మోడల్ కిట్ గురించి.

యాభై ఏళ్ల కిందట అమెరికాలో ఇలాంటివి పిల్లల కోసమే చేసి, పిల్లల దుకాణాల్లోనే అమ్మేవారట. గిలెటిన్లు, బోనులు, అస్థిపంజరాలు, చీకట్లో మెరిసే పుర్రెలు. తల్లులు గగ్గోలు పెట్టారు. ప్లకార్డులు పట్టుకున్నారు. దాంతో ఆ బొమ్మలు అరల మీంచి మాయమైపోయాయి. ఇప్పుడవి అపురూపమైన వస్తువులు.

తల్లులు గగ్గోలు పెట్టకపోతే ఈ లోకంలో ఏ మంచి పనైనా జరుగుతుందా? జరగదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆ తల్లులు పొరబడ్డారని, సాటి తల్లిగా, ఆస్ట్రేలియాలోని కెల్లీవిల్ వాస్తవ్యురాలిగా, ఎమ్మే ఎకనామిక్స్ ఫస్ట్ క్లాసులో పాసై ప్రస్తుతం కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతున్న విద్యావంతురాలిగా నా నిశ్చితాభిప్రాయం.

నాకీ జ్ఞానోదయం మావారి వల్ల కలిగింది.

మావారు బాలమురళి వెస్ట్‌మీడ్‌లో ఒక ఆస్పత్రిలో రేడియోగ్రాఫర్. పొద్దస్తమానం మనుషుల ఎముకల ఫొటోలు తీస్తారు. అలాంటి మనిషి ఇంటికొచ్చి దేనితో సేదతీరాలి? గులాబీ మొక్కలతోనా? సంగీతంతోనా? కాదు. ప్లాస్టిక్ ఎముకలతో! మా మీడియా రూమ్‌లో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో పన్నెండు పెట్టెలున్నాయి. ప్రతి పెట్టె మీదా ఒక దుర్మార్గుడు ఇకిలిస్తూ ఉంటాడు. మా పూజగదికి ఒక్క బల్బు, ఆ బీరువాకి ఆరు.

ఆ పన్నెండింటికీ మకుటం, నట్టనడుమ వెలిగిపోయే ‘ప్రొఫెసర్ గ్రిమ్‌గట్ చిత్రహింసల గది’. నలభై మూడు ముక్కలు. ఆకుపచ్చ మొహం, పసుపు పళ్లు, చేతిలో తాడు, పక్కన గిలెటిన్. పెట్టె మూలన బుద్ధిగా ‘ఎనిమిదేళ్లు, ఆ పైన’ అని రాసి ఉంటుంది.

ఇక లాభాలు వినండి.

మొదటిది నిజాయితీ. ఈ రోజుల్లో పిల్లల బొమ్మల్లో ఒక్కటైనా నోరు మూసుకుని ఊరికే బొమ్మలా పడి ఉంటోందా? మా అమృతకి తొమ్మిదేళ్లు. దాని ఎలుగుబంటి పొట్ట నొక్కితే ‘షేరింగ్ ఈజ్ కేరింగ్’ అని ఉపన్యాసం ఇస్తుంది. పేర్చుకునే దిమ్మలు కొంటే కోడింగ్ నేర్పుతాయట. మొన్న ఒక రబ్బరు బంతి కొన్నాను. దాని కవరు మీద ‘హ్యాండ్-ఐ కోఆర్డినేషన్, రెజిలియెన్స్, టీమ్‌వర్క్’ అని రాసి ఉంది. బంతికి ఇంత గర్వమా! మా చిన్నప్పటి బంతి పక్కింటి అద్దం పగలగొట్టడం తప్ప ఏమీ వాగ్దానం చేసేది కాదు.

గ్రిమ్‌గట్ అలా కాదు. నీ బిడ్డని ఇంజనీర్ని చేస్తానని అనడు. తల నరుకుతానంటాడు, నరుకుతాడు. ఇంత మాట మీద నిలబడే వాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

రెండోది మన సంప్రదాయం. మనల్ని పెంచింది ఎవరు? అమ్మానాన్నలా? కాదండీ, బూచాడు! నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నా, మధ్యాహ్నం కళ్లు మూసుకున్నా అంతా ఆ మహానుభావుడి చలవే. ఆయనకి జీతం లేదు, సెలవు లేదు, మొహం కూడా లేదు. ఇక్కడ ఆ సౌకర్యం ఉందా? ఒకసారి ధైర్యం చేసి “అన్నం తినకపోతే బూచాడొస్తాడు” అన్నాను. అమృత చెంచా కింద పెట్టి, “మమ్, హూ ఈజ్ హీ? డజ్ హీ హావ్ అవర్ అడ్రెస్?” అని అడిగింది. మొహం లేనివాడికి ఈ దేశంలో మర్యాద లేదు. గ్రిమ్‌గట్‌కి మొహం ఉంది, డాక్టరేటు కూడా ఉంది.

మూడోది, మనకి ఈ రక్తపాతం కొత్తా? ప్లాస్టిక్ గిలెటిన్ చూసి కళ్లు తిరుగుతున్నాయనే ఆడవాళ్ల ఇళ్లకి పేరంటానికి వెళ్లాను. గుమ్మంలోనే ఉగ్రనరసింహుడి పటం. ఒళ్లో రాక్షసుడు, చేతుల్లో పేగులు. మూడేళ్ల పిల్ల కూడా ఆ పటానికి దణ్ణం పెట్టి, అరటిపండు అడిగి, హాయిగా తిని వెళుతోంది. పేగులకి చలించని పసిమనసు ప్లాస్టిక్ మెడకి చలిస్తుందా?

నాలుగోది, అసలు మనం ఎక్కడ ఉంటున్నాం? ఆస్ట్రేలియాలో! కారు సన్‌వైజర్ దింపితే అరచేయంత సాలీడు ఒళ్లో పడే దేశంలో. సెప్టెంబర్ వచ్చిందంటే మ్యాగ్‌పై పక్షులు పిల్లల నెత్తి మీదికి డైవ్ కొడతాయని హెల్మెట్‌కి ముళ్లపందిలా ప్లాస్టిక్ పుల్లలు కట్టి బడికి పంపే దేశంలో. ‘పాము కనిపిస్తే కదలకుండా నిలబడండి’ అని కిండీ బడిలోనే పసివాళ్లకి పాట నేర్పే దేశంలో! ఇక్కడి పిల్లని రెండంగుళాల కత్తితో భయపెట్టగలనని అనుకోవడం ఆ కత్తికే అవమానం.

ఇంకా ఉన్నాయి. కిటికీలో ఒక తల లేని బొమ్మ నిలబెడితే సోలార్ ప్యానెల్స్ అమ్మేవాళ్లు గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు. భోజనాల బల్ల మీద గిలెటిన్ పెడితే ‘ఇంకో గంట ఉండి వెళతాం’ అనే చుట్టాలకి ఆ ఆలోచన రాదు. చిన్న చిన్న ముక్కలు పట్టి పట్టి అతికించిన పిల్లకి ఓర్పు వస్తుంది. కంద తరిగేటప్పుడు అమ్మకి సాయం చేయాలనే బుద్ధి కూడా పుట్టవచ్చు.

పుట్టవచ్చు, రావచ్చు, తిరగవచ్చు. ఇవన్నీ నేను ఊహించి చెబుతున్నవేనని గమనించారా?

ఎందుకంటే మా ఇంట్లో ఆ పెట్టెలు ఎవరూ విప్పలేదు. విప్పకూడదు! యాభై ఏళ్లుగా సెల్లోఫేన్ కాగితం లోపల ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు గ్రిమ్‌గట్. “విప్పితే ఇంకేముంది, మామూలు బొమ్మైపోతుంది” అంటారు మావారు. బొమ్మ బొమ్మైపోతే వచ్చే నష్టమేమిటో ఇప్పటిదాకా ఆయన సెలవివ్వలేదు.

అమృత ఆ పెట్టెని మొదటిసారి చూసింది ఆరేళ్లప్పుడు. ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం దోసెలు తిని, చేతులు కడుక్కుని, తడి గౌనుకి తుడుచుకుని అడిగేది. “డాడ్, కెన్ వీ బిల్డ్ ఇట్ టుడే?”

“ఇంకొంచెం పెద్దయ్యాక అమ్మూ.”

ఎనిమిదేళ్లు నిండిన రోజున పెట్టె మూలన వేలు పెట్టి చూపించింది. “డాడ్, ఇట్ సేస్ ఎయిట్ అండ్ అప్. ఐ యామ్ ఎయిట్.”

“అండ్ అప్ అన్నాడు కదమ్మా. కొంచెం అప్ కానీ.”

అప్ అయింది. ముట్టుకోకుండా చూడటం అలవాటైంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అద్దానికి ముక్కు తగలకుండా ఎంత దూరంలో నిలబడాలో కూడా దానికి తెలిసిపోయింది. ఈ జూన్‌లో ఒక ఆదివారం దోసెలు తిని, చేయి కడుక్కుని, ఏమీ అడగకుండా తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాతి ఆదివారం కూడా.

“చూశావా, పిల్లకి మెచ్యూరిటీ వచ్చింది” అని మావారు మురిసిపోయారు.

నాకు మాత్రం భయమేసింది. మా ఇంట్లో ఉన్న పన్నెండు మంది దుర్మార్గులూ కలిసి చేయలేని పని ఆ ఒక్క ఆదివారం చేసింది. అడగడం మానేసిన పిల్ల ఇంకో రెండేళ్లకి కావాలనుకోవడం కూడా మానేస్తుంది. అప్పుడు పెట్టె విప్పి ఎవరికివ్వాలి?

సరే, గంభీరంగా మాట్లాడేసినట్టున్నాను. క్షమించండి. మళ్లీ మన గిలెటిన్ దగ్గరికి వద్దాం.

ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్ల గురించి తెలియనివారికి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ హాల్లో ఒక గిఫ్ట్ అల్మారా ఉంటుంది. పుట్టినరోజుకి పిల్లాడికి నలభై గిఫ్టులు వస్తాయి. నలభైలో మూడు విప్పుతాం. ముప్ఫై ఏడు అల్మారాలోకి వెళతాయి. అవి తర్వాత మనం వెళ్లబోయే ముప్ఫై ఏడు పుట్టినరోజులకి! ఎవరిది వాళ్లకే తిరిగి ఇవ్వకుండా అడుగున చిన్న చీటీ అంటిస్తాం. ఒక అగ్నిపర్వతం సైన్సు కిట్ నాలుగేళ్లలో మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. పేలకుండా అంతదూరం తిరిగిన అగ్నిపర్వతం ఇంకెక్కడైనా ఉందా?

గిఫ్ట్ కాగితాలు కూడా పారెయ్యం. టేపు గోటితో మెల్లగా లాగి, మడతపెట్టి, పరుపు కింద దాస్తాం. ఆ విద్యలో మా ఇంట్లో అందరికీ ప్రవేశం ఉంది. ముఖ్యంగా మావారికి. ప్రమాదం అక్కడే జరిగింది.

సెప్టెంబర్‌లో మేం కార్పెట్లు శుభ్రం చేయించాం. ఆవిరి తగిలితే గ్రిమ్‌గట్‌కి జలుబు చేస్తుందని మావారు ఆయన్ని బీరువాలోంచి తీసి, పరుపు కిందనుంచి బెలూన్ల కాగితం లాగి, చక్కగా చుట్టి, టేపు వేసి, భద్రంగా ఒకచోట పెట్టారు. ఎక్కడ? హాల్ అల్మారా కింది అరలో!

తర్వాత ఆయన మర్చిపోయారు. ఆ శనివారం దీక్షిత్ అనే పిల్లాడి పుట్టినరోజు. పిల్లలు గెంతే ట్రాంపొలీన్ హాల్లో మూడింటికి. మూడున్నరకి నేను ఇంకా చెవిదిద్దులు పెట్టుకుంటున్నాను. వెళుతూ వెళుతూ కింది అరలో చేతికందిన పెట్టె లాగాను. బెలూన్ల కాగితం, ముచ్చటగా ఉంది. మగపిల్లాడికి సరిపోయే సైజు. ఇంకేం కావాలి?

దీక్షిత్ వాళ్లమ్మ రత్నకుమారి గారు. ‘హిల్స్ తెలుగు అమ్మలు’ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. రెండు వందల పద్నాలుగు మంది అమ్మల మంచిచెడ్డలు ఆవిడ బొటనవేలి మీద నడుస్తాయి. నా చేతిలోంచి పెట్టె అందుకుని “అయ్యో, ఇవన్నీ ఎందుకండీ!” అని, చూడకుండానే వెనకున్న గుట్ట మీదికి విసిరారు.

అక్టోబర్ మొదటివారంలో షాపుల్లో హాలోవీన్ దెయ్యాల పండగ సరుకు దిగింది. ఎత్తుగా అస్థిపంజరాలు, పుర్రెల దండలు. రత్నకుమారి గారు గ్రూపులో పదకొండు పేరాల సందేశం పెట్టారు. ‘లేత మనసుల మీద ఇలాంటి వికృతమైన బొమ్మల ప్రభావం గురించి మనం ఆలోచించామా? నేను మాత్రం ఇలాంటివి మా ఇంటి గడప తొక్కనివ్వను.’ చివర నాలుగు దండాలు. అరవై ఒక్క మంది బొటనవేళ్లు ఎత్తారు. అందులో ఒకటి నాది. ఏం చెయ్యమంటారు? అడ్మిన్ కదా!

ఆ తర్వాతి ఆదివారం మీడియా రూమ్‌లోంచి ఒక కేక వినపడింది.

“అలివేలూ! నా గ్రిమ్‌గట్ ఏడీ?”

“నాకేం తెలుసు? మీరే ఎక్కడో పెట్టారుగా.”

“బెలూన్ల కాగితంలో చుట్టి హాల్ అల్మారాలో పెట్టాను.”

“ఏ అరలో?”

“కింది అరలో. ఎందుకలా చూస్తున్నావ్?”

ఆ అల్మారాలో పెట్టిన వస్తువు ఇక ఈ ఇంటిది కాదని పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషికి తెలియదా! నేను నిజం చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని, “చింపేశాడేమో” అన్నారు. నరికేశాడేమో అన్నంత బాధగా అన్నారు.

“ఫోన్ చేసి అడుగు” అన్నారు.

ఏమని అడగాలి? ‘మేమిచ్చిన గిఫ్ట్ విప్పారా, ఎవరికైనా ఇచ్చేశారా?’ అనే ప్రశ్న కెల్లీవిల్ తెలుగువాళ్లెవరూ ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. అడిగినవాళ్లకి ఆ తర్వాత పేరంటం పిలుపులుండవు. అయినా చేశాను. ఊరికే చేసినట్టు చేశాను.

“రత్నకుమారి గారూ, ఏం లేదండీ, మేమిచ్చింది దీక్షిత్‌కి నచ్చిందో లేదోనని...”

“నచ్చడమేంటండీ అలివేలు గారూ! వాడికదే లోకం. స్కూల్నుంచి రాగానే షూస్ కూడా విప్పడు, దాని ముందే.”

“అవునా! ఏం చేస్తాడు దాంతో?”

“అన్నీ నేర్చుకుంటున్నాడండీ. చాలా ఎడ్యుకేషనల్. వాళ్ల చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఆడిస్తున్నాడు.”

వాళ్ల చెల్లికి మూడేళ్లు.

“జాగ్రత్తండీ, వేళ్లూ అవీ...” అన్నాను నేను.

“అబ్బే, అన్నీ రౌండ్ ఎడ్జెస్సే కదా!” అన్నారావిడ.

గిలెటిన్‌కి రౌండ్ ఎడ్జెస్! ఫోన్ పెట్టేసి మావారికి చెప్పాను, చింపలేదు, భయపడకండి, మీ ప్రొఫెసర్ ఎక్కడో క్షేమంగా ప్రయాణంలో ఉన్నాడని. ఆయనకి ప్రాణం లేచి వచ్చింది. “అయితే సీలు విప్పి ఉండరు!” అన్నారు. మన జాతి మీద ఆయనకి అంత నమ్మకం.

ఎక్కడికి వెళ్లాడో ఎలా తెలియాలి? సీల్డ్ టెండర్లలా తిరిగే పెట్టెల్ని వెతకడం ఎవరి తరం? ఆశ వదిలేసుకున్నాం. గురువారం స్విమ్మింగ్ క్లాసు నుంచి వస్తూ, కారులో జుట్టు తుడుచుకుంటూ, అమృత మామూలుగా అంది.

“మమ్, అలీజా చాప్డ్ అ బనానా విత్ అ గిలెటిన్.”

నేను బ్రేకు వేశాను. వెనకవాడు హారన్ కొట్టాడు.

అలీజా మా నఫీసా కూతురు. నఫీసాది కర్నూలు. వెస్ట్‌మీడ్‌లో నర్సు. అక్టోబర్ మూడున అలీజా పుట్టినరోజు అయింది. దీక్షిత్ కూడా అదే స్విమ్మింగ్ క్లాసు కాబట్టి రత్నకుమారి గారు వెళ్లారు. గడప తొక్కనివ్వను అన్నారుగా. అన్న మాట నిలబెట్టుకున్నారు. ఆవిడ మెసేజ్ పెట్టేనాటికే గ్రిమ్‌గట్ ఆ గడప దాటి వెళ్లిపోయాడు.

ఆదివారం ముగ్గురం వెస్ట్‌మీడ్‌లో నఫీసా ఇంటికి వెళ్లాం. రెండు గదుల అద్దె ఫ్లాట్. అన్నం తినే బల్ల మీద, రైస్ కుక్కర్‌కీ నఫీసా డ్యూటీ చార్ట్‌కీ మధ్య, రాజసంగా నిలబడి ఉంది గిలెటిన్!

ఎంత బాగుందనుకున్నారు! ఆకుపచ్చ రంగు లేదని ప్రొఫెసర్ మొహానికి గులాబీ రంగు నెయిల్ పాలిష్ వేశారు. పెళ్లికెళుతున్న మనిషిలా ఉన్నాడు. తల తెగాల్సిన బొమ్మ తల సోఫా కిందికి దొర్లిపోయిందని, దాని స్థానంలో ఒక శనగగింజ అతికించారు. కత్తి సర్రున జారుతోంది. పక్కన పళ్లెంలో గుండ్రటి అరటిపండు ముక్కలు.

మావారు కదల్లేదు. తుంటి విరిగిన వాళ్ల ఎక్స్‌రేలు కూడా ఆయన అంత దిగులుగా చూసి ఉండరు.

“నఫీసా, దీని మీద సెల్లోఫేన్...” అన్నారు మెల్లగా.

“అది యాడిదన్నా, ఆ పొద్దే చెత్తలో ఏసినాం.”

“పెట్టె?”

“పెట్టె ఉండాదిలే. మంచి అట్ట. ఎర్రగడ్డలు పోసినా.”

ప్రొఫెసర్ గ్రిమ్‌గట్ ఇకిలిస్తున్న పెట్టెలో, ఎనిమిదేళ్లు ఆ పైన అనే అక్షరాల పక్కన, మూడు కిలోల ఉల్లిపాయలు. మావారు కళ్లు మూసుకున్నారు.

“మీరిచ్చింది కాదు గదన్నా ఇది? రత్నక్క ఇచ్చింది” అంది నఫీసా అనుమానంగా. నేను అడ్డుపడి, “అబ్బే, ఇలాంటిది ఆయన దగ్గరా ఉందిలే, అందుకని” అన్నాను. నిజానికి అది పచ్చి అబద్ధం. కానీ గిఫ్ట్ అల్మారా మర్యాద కాపాడటానికి ఆడే అబద్ధాలు దోషం కావని నా నమ్మకం.

“అలీజా భయపడలేదా?” అని అడిగాను.

“భయమా! ఆ పిల్లకి మ్యాథ్స్ టెస్ట్ అన్నా భయం లేదు, దీనికి భయపడతాదా?”

“అయినా అప్పుడే విప్పేశారే?”

నఫీసా నవ్వింది. “మా కొంపలో దాచిపెట్టను జాగా యాడుందక్కా? అల్మారా అంటే ఒకటే, దాంట్లో ఆయన చొక్కాలే పట్టవు. వచ్చింది వచ్చినట్టు ఇప్పేసుకుంటాం.”

నేను అమృత వైపు చూశాను. అది బల్ల ముందు నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ముక్కు తగలనంత దూరంలో.

అలీజా విసుక్కుంది. “వై ఆర్ యూ స్టాండింగ్ లైక్ దట్? టచ్ ఇట్!”

అమృత నాన్న వైపు చూడలేదు. ఒక చేయి ముందుకొచ్చింది. వేలితో కత్తి అంచుని తాకింది. తర్వాత తాడు లాగింది. వదిలింది. టక్! శనగగింజ ఎగిరి మావారి టీ కప్పులో పడింది.

ఆ తర్వాత గంటన్నరలో నఫీసా ఇంట్లో ఉన్న అరటిపండ్లు, ఖర్జూరాలు, ఒక కీరదోసకాయ, రెండు క్రేయాన్లు శిరచ్ఛేదానికి గురయ్యాయి. మేం టీ తాగాం. మావారు తాగలేదు. మొదట పెట్టె వైపు చూస్తూ కూర్చున్నారు, తర్వాత కత్తి వైపు, ఆ తర్వాత చాలాసేపు అమృత వైపు.

తిరిగొచ్చేటప్పుడు ఓల్డ్ విండ్సర్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లోంచి అమృత గొంతు.

“మమ్, కెన్ వీ మూవ్ టు అ స్మాలర్ హౌస్?”

సిగ్నల్ ఆకుపచ్చ అయింది. మావారు కారు కదిలించలేదు. వెనకవాడు మళ్లీ హారన్.

మర్నాడు ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా బీరువా ముందు నిలబడ్డారు. తల చంకలో పెట్టుకుని తిరిగే జమీందారు పెట్టె ఒకటుంది. అది తీశారు. అయిదు నిమిషాలు ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత సెల్లోఫేన్ చిరిగిన చప్పుడు. యాభై ఏళ్ల కాగితం చిరిగితే ఇంత చిన్న చప్పుడే వస్తుందా అనిపించింది.

“అమ్మూ! రా తల్లీ. బిల్డ్ చేద్దాం.”

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అడగడం మానేసిన పిల్ల పిలిస్తే మాత్రం వస్తుందని ఏముంది?

“కెన్ అలీజా కమ్?” అంది మెట్ల మీంచి. “యూ డోంట్ నో హౌ, డాడ్.”

శనివారం అలీజా వచ్చింది. ఇద్దరూ బల్ల ఆక్రమించారు. పన్నెండు పెట్టెల అధిపతి అయిన మావారికి ఆ ముక్కల్లో ఏది మోచేయో ఏది మోకాలో అసలు తెలియలేదు. రోజంతా ఎముకలు చూసే మనిషి! పెట్టెల వెనక రాసింది చదివారే తప్ప, లోపలి కాగితం ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోగులకి “కదలకండి” అని చెప్పే ఆయనకి ఆ వేళ అలీజా చెప్పింది, “అంకుల్, డోంట్ మూవ్. యూ ఆర్ షేకింగ్ ద టేబుల్.” ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. జమీందారు తల ఆయన బొటనవేలికి అతుక్కుపోయింది. ముగ్గురూ కిందపడి నవ్వారు.

జిగురు ఆరుతుంటే అమృత చేతులు కడుక్కుని, తడి గౌనుకి తుడుచుకుంటూ వెళ్లి, బీరువా ముందు నిలబడింది.

“డాడ్, వాట్స్ ఇన్ దట్ వన్?”

అడిగింది!

అయ్యా, ఇప్పుడు మీ ముందు ఒక ఒప్పుకోలు. గిలెటిన్ వల్ల ఓర్పు వస్తుందని, సోలార్ ప్యానెల్స్ వాళ్లు పారిపోతారని చెప్పానే, అవేవీ జరగలేదు. నిన్న ఒకడు వచ్చి తల లేని జమీందారుని మెచ్చుకుని, నలభై నిమిషాలు కూర్చుని వెళ్లాడు. గిలెటిన్ బదులు బొంగరం ఉన్నా ఇదే జరిగేది. బొంగరం కాకపోతే ఆ మాట్లాడే ఎలుగుబంటి. రాక్షసుడా దేవతా అన్నది పిల్లలకి అక్కర్లేదు, విప్పి చేతికి ఇచ్చారా లేదా అన్నదే వాళ్ల లెక్క. ఈ రహస్యం చెప్పడానికి గిలెటిన్ దాకా ఎందుకు వెళ్లానంటే, ఊరికే ‘పిల్లల బొమ్మలు పిల్లలకివ్వండి’ అంటే మన ఇళ్లల్లో ఎవరు వింటారు?

నా అల్మారా మాత్రం ఏమంత పవిత్రమైనదని! అందులో ఇప్పటికీ పందొమ్మిది పెట్టెలున్నాయి. సగం అమృత పేరు మీద వచ్చినవే.

మొన్న రత్నకుమారి గారు ఫోన్ చేశారు.

“అలివేలు గారూ, వచ్చే నెల అమృత బర్త్‌డే కదా! ఏం ఇష్టమో చెప్పండి, మంచి ఎడ్యుకేషనల్‌ది తెస్తాను.”

“ఏదైనా సరేనండీ. ఒక్కటే కోరిక. పెట్టె మీద పర్మనెంట్ మార్కర్‌తో పెద్దపెద్ద అక్షరాలతో ‘అమృత’ అని రాసి ఇవ్వండి.”

“పెట్టె మీదే? కాగితం మీద కాకుండా?”

“పెట్టె మీదే.”

“అయ్యయ్యో, అలా పేరు రాసేస్తే ఇక దాన్ని మీరు మళ్లీ...”

అని, ఆవిడ చటుక్కున ఆగిపోయారు.

వాక్యం పూర్తి చేయమని నేనూ అడగలేదు.